నెరసిన జుట్టు: కత్తిరింపు, రంగు

తల నెరయడం ముసలితనానికి మొదటి గుర్తు అని లోకం అనుకుంటూ వచ్చింది. తెల్లబడిన జుట్టును తిరిగి నల్లగా చేయాలని మనిషి పడిన పాట్లు కూడా అంత పాతవే. తెలుగువారి ఇళ్ళలో గోరింటాకు, గుంటగలగరాకు, ఉసిరికాయ, కరక్కాయ తరతరాలుగా ఇందుకు వాడబడినవి. నేడు పల్లెటూరి కిరాణా కొట్టులో కూడా తలరంగు చిన్న పొట్లాలలో దొరుకుతున్నది. పట్టణాలలో యాభై, అరవై ఏండ్లు దాటిన స్త్రీలు బ్యూటీ పార్లరుకు పోయి జుట్టు కత్తిరించుకొని రంగు వేయించుకోవడం ఇప్పుడు వింత కాదు.

అయితే పొట్లం మీది బొమ్మను చూచి కొనేవారే గాని, లోపల ఏమున్నదో, అది వెండ్రుకను ఏమి చేస్తుందో తెలిసి కొనేవారు తక్కువ. ఏ కత్తిరింపు ఎవరికి నప్పుతుంది, ఏ రంగు ముఖానికి అందం ఇస్తుంది, ఏది చెరుపు చేస్తుంది అనే ప్రశ్నలు అభిరుచికి సంబంధించినవిగా కనబడతాయి. కొంతవరకు అది నిజమే. కాని వాని జవాబులలో ఎక్కువ భాగం భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలలోనే ఉన్నది.

జీవం లేని పోగు

చర్మానికి పైన కనబడే వెండ్రుకలో జీవం లేదు. అందువల్లనే కత్తిరించినప్పుడు నొప్పి పుట్టదు. జీవమున్న భాగం చర్మంలో కొన్ని మిల్లీమీటర్ల లోతున, రోమకూపం అనే చిన్న సంచి అడుగున ఉంటుంది. అక్కడి కణాలు ఎడతెగక విభజన చెందుతూ, కెరటిన్ అనే మాంసకృత్తును నింపుకొని, చివరకు చనిపోయి, క్రింది నుండి వచ్చే క్రొత్త కణాల త్రోపుడుకు పైకి వస్తాయి. ఆ విధంగా పేర్చబడిన చచ్చిన కణాల వరుసయే వెండ్రుక. గోళ్ళు, గొడ్ల కొమ్ములు కూడా కెరటిన్‌తోనే తయారయినవి.

వెండ్రుకను సూక్ష్మదర్శినితో చూస్తే పైన పలుచని పొలుసులు కనబడతాయి. పెంకుటింటి కప్పు మీద పెంకులవలె ఇవి ఒకదానిపై ఒకటి, కొసవైపుకు వాలి ఉంటాయి. పొలుసుల లోపల కెరటిన్ నారలు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఈ నారలను గంధకపు వంతెనలు అడ్డంగా బంధించి ఉంచుతాయి. వెండ్రుకకు గట్టితనం ఇచ్చేవి ఇవే. పొలుసులు సాఫీగా పరుచుకొని ఉన్నంత కాలం జుట్టు మెరుస్తుంది. అవి పైకి లేచినా, ఊడిపోయినా జుట్టు గరుకై, చిక్కు పడి, విరిగిపోతుంది. చచ్చిన పోగు కాబట్టి, గాయపడిన చర్మంవలె అది తనను తాను బాగుచేసుకోలేదు.

మనిషి తలమీద సుమారు ఒక లక్ష వెండ్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున, రెండు మొదలు ఆరేండ్ల వరకు పెరిగి, కొన్ని వారాలలో పెరుగుదల ఆపి, సుమారు మూడు నెలలు విశ్రమించి రాలిపోతుంది. ఆ స్థలంలో క్రొత్తది మొలుస్తుంది. కనుక రోజుకు యాభై నుండి వంద వెండ్రుకలు రాలడం సహజమే.

నెలకు ఒక సెంటీమీటరు అనే ఈ లెక్క చాలా ఉపయోగకరమైనది. అరవై సెంటీమీటర్ల జడ ఉన్న స్త్రీ జుట్టులో కుదురు వద్ద భాగం నిన్నటిది. కొస ఐదేండ్ల క్రిందటిది. ఐదేండ్ల ఎండ, తలంట్లు, దువ్వెన రాపిడి, రంగులు ఆ కొస అనుభవించి ఉన్నది. నెలనెలా తలంతా రంగు పట్టించే ఆమె జడ కొసకు అరవై సార్లు రంగు తగిలిందన్నమాట. పెద్దవయస్సులో కొసలు పీచు కట్టడానికి వయస్సు ఒక్కటే కారణం కాదని ఈ లెక్కే చెబుతున్నది.

నలుపు ఎక్కడిది, ఎందుకు పోతుంది?

వెండ్రుకకు రంగు ఇచ్చేది మెలనిన్ అనే పదార్థం. రోమకూపం అడుగున ఉండే వర్ణకణాలు దీనిని తయారుచేసి, ఎదిగే వెండ్రుక కణాలకు చిన్న రేణువులుగా అందిస్తాయి. మెలనిన్‌లో నలుపు గోధుమ ఛాయలది ఒకటి, ఎరుపు పసుపు ఛాయలది ఒకటి అని రెండు జాతులు ఉన్నవి. భారతీయుల జుట్టులో మొదటిదే ప్రధానం.

ఒక వెండ్రుక రాలి మరొకటి మొలిచినప్పుడల్లా వర్ణకణాలు క్రొత్తగా ఏర్పడాలి. వీనికి మూలమైన కణాలు రోమకూపంలో కొంచెం పైభాగాన నిలువ ఉంటాయి. వయస్సు పెరిగినకొద్దీ ఈ నిలువ తరిగిపోతుందని అమెరికాలోని హార్వర్డులో ఎమీ నిషిమురా, డేవిడ్ ఫిషర్ బృందం 2005లో చూపింది. మూలకణాలు కదలవలసిన చోటికి కదలక మధ్యలో చిక్కుకొనిపోవడం కూడా ఒక కారణమని న్యూయార్కు విశ్వవిద్యాలయంలో మయూమి ఇటో బృందం 2023లో ఎలుకలలో కనుగొన్నది. తీవ్రమైన ఒత్తిడికి లోనైన ఎలుకలలో ఈ మూలకణాలు త్వరగా ఖర్చయిపోతాయని 2020లో మరొక పరిశోధన తెలియజేసింది. నెరసిన వెండ్రుకలలో హైడ్రోజన్ పెరాక్సైడు పేరుకొని ఉంటుందని 2009లో తేలింది. తలరంగు పెట్టెలో కనబడే రసాయనం కూడా ఇదే కావడం విశేషం.

మెలనిన్ లేని వెండ్రుకకు ప్రత్యేకంగా తెల్లరంగు అంటూ ఏమీ లేదు. పటికబెల్లపు పలుకు అద్దంవలె ఉంటుంది. దానినే పొడి చేస్తే తెల్లగా కనబడుతుంది. కాంతి అనేక తలాలపై పడి నలుదిక్కులకు చెదరడమే ఇందుకు కారణం. నెరసిన వెండ్రుక విషయమూ అంతే. బూడిదరంగు జుట్టు అని పిలిచేది నిజానికి నల్లవీ తెల్లవీ కలిసిన తిలతండులం, అంటే నువ్వులూ బియ్యం కలిసినట్టిది.

ఎప్పుడు నెరుస్తుందనేది ముఖ్యంగా వంశాన్ని బట్టి ఉంటుంది. యాభై ఏండ్లకు సగం మందికి సగం తల నెరుస్తుందని ఒక సామెతవంటి లెక్క వాడుకలో ఉండేది. వివిధ దేశాలలో నాలుగు వేలమందికి పైగా పరీక్షించి 2012లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, యాభైయవ ఏట సగం తల నెరసినవారు నూటికి 6 మొదలు 23 మంది వరకే ఉన్నారు. చాల చిన్నవయస్సులో వచ్చే బాలనెరుపుకు బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ గ్రంథి జబ్బు వంటివి కొందరిలో కారణం కావచ్చు గనుక వైద్యుని చూడడం మంచిది. వయస్సువల్ల వచ్చే నెరుపు వ్యాధి కాదు. దానిని కుదుళ్ళలోనే వెనుకకు మళ్ళించగల నిరూపితమైన మందు, నూనె ఏదీ లేదు.

పలుచబడిన జుట్టు - బరువు, బిగువు

రంగు పోవడంతోపాటు మరి రెండు మార్పులు వస్తాయి. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో చర్మపు జిడ్డు తగ్గి జుట్టు పొడిబారుతుంది. ఒక్కొక్క వెండ్రుక సన్నబడుతుంది; తలమీది సంఖ్య కూడా తగ్గుతుంది. పురుషులకువలె నుదురు వెనుకకు జరిగి బట్టతల కావడం స్త్రీలలో తక్కువ. వీరికి నడినెత్తిన పాపట క్రమంగా వెడల్పు అవుతుంది. జర్మనీ వైద్యుడు లుడ్విగ్ 1977లో దీనిని మూడు దశలుగా వర్గీకరించాడు.

వెండ్రుక కొంచెం సన్నబడినంత మాత్రాన జుట్టు ఇంత చదునుగా ఎందుకు పడిపోతుంది? దీనికి జవాబు యంత్రశాస్త్రంలో ఉన్నది. గుండ్రని కడ్డీ వంగకుండా నిలిచే శక్తి దాని మందానికి నాలుగవ ఘాతంగా మారుతుంది. మందం సగమయితే బిగువు సగం కాదు, పదహారవ వంతు మాత్రమే మిగులుతుంది. వెండ్రుక మందం నూటికి పది పాళ్ళు తగ్గితే బిగువులో మూడవ వంతు పోతుంది. ఇరవై పాళ్ళు తగ్గితే సగానికి పైగా పోతుంది. బరువు మాత్రం అంత వేగంగా తగ్గదు. అందుచేత సన్నని పొడుగాటి వెండ్రుక తన బరువును తానే మోయలేక కుదురు వద్దనే వాలి, నెత్తికి అంటుకొనిపోతుంది. అప్పుడు క్రింది చర్మం కనబడి, ఉన్న జుట్టు కూడా లేనట్లు తోస్తుంది.

కత్తిరింపు చేసే పని

పెద్దవయస్సు స్త్రీలకు పొట్టి కత్తిరింపులు నప్పుతాయని అనడానికి ఇదే ఆధారం. పొడుగు తగ్గితే కుదురుపై పడే బరువు తగ్గుతుంది. అదే వెండ్రుక లేచి నిలుస్తుంది. కత్తిరింపు క్రొత్త వెండ్రుకలను పుట్టించదు. ఉన్నవానికి బరువు దించుతుంది. కత్తిరించినా, గొరిగినా జుట్టు ఒత్తుగా మొలుస్తుందనే నమ్మకం నిజం కాదు. సన్నగా అరిగిన కొసకు బదులు మొద్దు కొస చేతికి తగలడంవల్ల అలా అనిపిస్తుంది. మొలక అంతా చర్మం క్రింద జరిగే పని. కత్తెర అక్కడకు చేరదు.

కత్తిరింపులలో ముఖ్యమైన పద్ధతులు రెండు. మొదటిది కొసలన్నీ ఒకే గీతకు వచ్చేటట్లు కత్తిరించడం. బాబ్ అనే కత్తిరింపు ఈ జాతిది. ఇది 1920 ప్రాంతాల పాశ్చాత్య దేశాలలో వ్యాపించింది. 1960 తరువాత లండనులో విడాల్ ససూన్ దీనికి క్రొత్త రూపం ఇచ్చాడు. పొడుగు జుట్టులో వెండ్రుకలన్నీ కొసవరకు చేరవు. కొన్ని మధ్యలో విరుగుతాయి, కొన్ని ఇంకా ఎదుగుతూ ఉంటాయి. అందుచేత కొస ఎప్పుడూ పలుచనే. మెడ వరకో, భుజాల వరకో ఒకే గీతన కత్తిరిస్తే అంచు దట్టంగా కనబడుతుంది. పలుచని, తిన్నని జుట్టుకు ఇది అనుకూలం.

రెండవది అంతరువులుగా కత్తిరించడం. పైవెండ్రుకలను పొట్టిగా, లోపలివానిని పొడుగుగా ఉంచితే పైవి తేలికై పొంగుతాయి. ఒత్తైన జుట్టుకు, అలలు తిరిగే జుట్టుకు ఇది బాగుంటుంది. పలుచని జుట్టుకు మాత్రం అంతరువులు ఎక్కువయితే కొస మరింత పలుచనై బెడిసికొడుతుంది. నెత్తిమీద ఒకటి రెండు చాలు. ఉంగరాల జుట్టు తడిసినప్పుడు సాగి, ఆరినప్పుడు ముడుచుకొంటుంది. తడిమీద కొలిచి కత్తిరిస్తే ఆరిన తరువాత అనుకున్నదానికన్న పొట్టిగా తేలుతుంది. కనుక అట్టివారు కొంచెం పొడుగు ఉంచి కత్తిరించుమని చెప్పడం మేలు.

కత్తిరింపు ముఖాన్ని కూడా మార్చి చూపుతుంది. చూపరి కన్ను గీతల వెంట పోతుంది. జుట్టు అంచు ఎక్కడ ఆగితే చూపు అక్కడ ఆగుతుంది. దవడ వద్ద ఆగితే దవడ, చెంప ఎముక వద్ద ఆగితే చెంప ఎముక ప్రస్ఫుటమవుతాయి. చెంపలు జారినవారికి అంచు దవడకు కొంచెం పైనగాని, బాగా క్రిందగాని ఉండడం మేలు. నుదుటిపై పలుచగా పడే కుచ్చు నుదుటి ముడుతలను, కణతల వద్ద పలుచదనాన్ని మరుగుపరుస్తుంది.

పొట్టి జుట్టు అంటే తెలుగునాట పెద్దతరంవారికి ఒక జంకు ఉండేది. కొన్ని కులాలలో వితంతువులకు శిరోముండనం చేయించిన దురాచారపు జ్ఞాపకం దాని వెనుక ఉన్నది. ఆ ఆచారం పోయినా, జడ విడువడానికి ఇష్టపడనివారు ఉన్నారు. వారు విడువనవసరమూ లేదు. జడ కొసన ఐదారు సెంటీమీటర్ల పీచును కత్తిరించినా ఒత్తు తెలుస్తుంది. ఏండ్ల తరబడి ఒకేచోట తీసిన పాపటను కొంచెం ప్రక్కకు మార్చితే వెడల్పు మరుగున పడుతుంది. ముడి మెడకు దిగువగా, వదులుగా వేసుకోవాలి. బిగించి లాగి కట్టిన కొప్పు, బరువైన సవరం కుదుళ్ళను నిత్యం గుంజుతాయి. ఈ గుంజుడు ఏండ్లపాటు సాగితే నుదుటి అంచున, కణతల వద్ద జుట్టు శాశ్వతంగా పోవచ్చు.

ఆకుల రంగులు

రంగులలో మొదట చెప్పదగినది గోరింటాకు. దీని ఆకులో లాసోన్ అనే ఎర్రని పదార్థం ఉన్నది. అది కెరటిన్‌తో గట్టిగా కలిసిపోతుంది. అరచేయి పండినట్లే వెండ్రుకా పండుతుంది. నల్లజుట్టుపై అంతగా తెలియదు. తెల్లవెండ్రుకపై మాత్రం నారింజ, రాగి ఛాయలు వస్తాయి. గోరింటాకు ఒక్కటే ఎంతసేపు ఉంచినా నలుపు రాదు.

నలుపు కావలసినవారు గోరింటాకు పెట్టి కడిగిన తరువాత నీలి ఆకుపొడి పట్టిస్తారు. ఒకప్పుడు కడప, నెల్లూరు, కర్నూలు ప్రాంతాలలో విస్తారంగా పండించిన నీలి మొక్క ఇదే. ఆకులో ఉండే పదార్థానికి రంగు లేదు. తడిసినప్పుడు అది విడివడి, గాలిలోని ఆమ్లజనితో కలిసి నీలంగా మారుతుంది. ఎరుపుమీద నీలం పడితే ముదురు గోధుమ, నలుపు ఛాయలు వస్తాయి. ఈ పద్ధతికి గంటల కాలం పడుతుంది. ఛాయ అందరికీ ఒకే తీరున రాదు.

ఉసిరిక, కరక్కాయ, తేయాకు డికాక్షన్‌లను ఇనుప మూకుడులో నానబెట్టి పూసుకొనే అలవాటులో మంచి రసాయన శాస్త్రం ఉన్నది. వీనిలోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నల్లని సమ్మేళనం ఇస్తాయి. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసినది ఈ సూత్రంమీదనే. ఇది వెండ్రుకపై పూతగా నిలిచి గోరింటాకు ఎరుపును ముదురు చేస్తుంది. గుంటగలగర నూనె వెండ్రుకకు నునుపు ఇస్తుందే గాని, తెల్లవెండ్రుకను రంగుగా నల్లబరచదు.

ప్రాచీన గ్రీకు, రోమను ప్రజలు సీసపు సమ్మేళనాలతో జుట్టు నల్లబరచుకొనేవారు. సీసం వెండ్రుకలోని గంధకంతో కలిసి నల్లని సీసపు గంధకిదం అవుతుంది. సీసం విషమని తెలిసినా ఇట్టి రంగులు చాలాకాలం నిలిచినవి. అమెరికా ప్రభుత్వం 2018లో వీనికి ఇచ్చిన అనుమతిని ఉపసంహరించింది.

పెట్టెలోని రంగు

నేటి శాశ్వతపు రంగు రెండు భాగాలుగా వస్తుంది. ఒకదానిలో పారా-ఫెనిలీన్ డైఅమీన్, క్లుప్తంగా పి.పి.డి. అనే పదార్థమో, దాని బంధువో ఉంటుంది. దానితో రిసార్సినాల్ వంటి జతపదార్థాలు, అమ్మోనియా ఉంటాయి. రెండవది హైడ్రోజన్ పెరాక్సైడు. ఫ్రాన్సు రసాయనశాస్త్రజ్ఞుడు తెనార్ దీనిని 1818లో కనుగొన్నాడు. తలకు ఈ రకపు రంగులను వ్యాపారంగా తయారుచేసినవారిలో ప్రసిద్ధుడు పారిస్‌లోని యూజీన్ షూలేర్. అతడు 1907లో ప్రారంభించిన పని తరువాత లోరియాల్ సంస్థగా ఎదిగింది.

రంగు పట్టే క్రమం ఇది. అమ్మోనియా క్షారగుణం వెండ్రుకను ఉబ్బించి పొలుసులను పైకి లేపుతుంది. ఆ సందులలోనుండి పి.పి.డి., జతపదార్థాల చిన్న అణువులు లోపలికి పోతాయి. అప్పటికి వానికి రంగు లేదు. పెరాక్సైడునుండి విడుదలైన ఆమ్లజని వానిని ఒకదానితో ఒకటి కలిపి పెద్ద రంగు అణువులుగా చేస్తుంది. చిన్నవిగా ప్రవేశించినవి పెద్దవై తిరిగి బయటకు రాలేవు. సీసాలో నౌక బొమ్మను లోపలనే కూర్చినట్లు, రంగు లోపలనే తయారవుతుంది. అందుకే ఎన్ని తలంట్లు పోసుకొన్నా పోదు. పెరాక్సైడు మరొక పని కూడా చేస్తుంది. మిగిలి ఉన్న సహజ మెలనిన్‌ను కొంత వెలిసేటట్లు చేస్తుంది.

పెరాక్సైడు బలాన్ని పార్లర్లలో 10, 20, 30, 40 వాల్యూము అని చెబుతారు. ఇవి వరుసగా నూటికి 3, 6, 9, 12 పాళ్ళు. ఒక సీసా ద్రవం 20 సీసాల ఆమ్లజనిని ఇవ్వగలిగితే అది 20 వాల్యూము. తెల్లవెండ్రుకను కప్పడానికి సాధారణంగా 20 వాల్యూము చాలును. బలం పెరిగినకొద్దీ పొలుసులకు, గంధకపు వంతెనలకు నష్టం పెరుగుతుంది. నీళ్ళతో కలిపే పొట్లాలలో ద్రవానికి బదులు ఆమ్లజనిని విడుదలచేసే పొడి ముందే కలిసి ఉంటుంది.

లోపలికి పోక పైపొరలలో మాత్రమే నిలిచే అర్ధశాశ్వతపు రంగులు కూడా ఉన్నవి. వీనిలో పెరాక్సైడు ఉండదు. కొన్ని తలంట్లకు పోతాయి. నెరుపు కొద్దిగా ఉన్నవారికి, వెండ్రుక బలహీనమైనవారికి ఇవి తక్కువ హాని చేస్తాయి.

ఏ ఛాయ నప్పుతుంది?

చాలమంది స్త్రీలు వయస్సు దాటిన తరువాత కూడా ఇరవై ఏండ్ల నాటి కారునలుపునే కోరుతారు. అది ఎందుకు అసహజంగా తోస్తుందో చెప్పడానికి ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ సిద్ధాంతం ఉపకరిస్తుంది. అతడు పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం శాఖకు అధిపతి. అక్కడి నల్లదారం వెలవెలబోతున్నదని ఫిర్యాదులు వస్తే, లోపం అద్దకంలో కాక ప్రక్కనున్న నీలం, ఊదా దారాలలో ఉన్నదని గ్రహించాడు. ప్రక్కప్రక్కన ఉన్న రంగులు ఒకదానిని ఒకటి మార్చి చూపుతాయని 1839లో గ్రంథం ప్రకటించాడు.

తలకు ఈ సూత్రం ఇట్లా వర్తిస్తుంది. కారునలుపు ప్రక్కన ముఖం మరింత పాలిపోయినట్లు, కండ్ల క్రింది నీడలు, ముడుతలు మరింత లోతుగా కనబడతాయి. పలుచబడిన చోట నల్లని వెండ్రుకల నడుమ చర్మం తెల్లగా మెరిసి, పలుచదనాన్ని చాటుతుంది. పైగా నెలకు సెంటీమీటరు చొప్పున పెరిగే తెల్లని కుదురు మూడు నాలుగు వారాలకే పాపట వెంట తెల్లగీతగా కనబడుతుంది. అందుచేత సహజమైన నలుపుకన్న ఒకటి రెండు మెట్లు తేలికైన ముదురు గోధుమ ఛాయ చాలమందికి నప్పుతుంది. నెరుపు ఎక్కువగా ఉన్నవారు తలంతా కప్పక, అక్కడక్కడ సన్నని పాయలకు మాత్రం రంగు వేయించుకొంటే నలుపు తెలుపులు సహజంగా కలిసిపోతాయి. క్రొత్త కుదురు గీతగా తెలియదు. చర్మానికి తగిలే రసాయనమూ తగ్గుతుంది. ఇందిరా గాంధీ ఛాయాచిత్రాలలో పొట్టి నల్లజుట్టు నడుమ కనబడే తెల్లపాయ ఆమె ముఖానికి గుర్తుగా నిలిచిపోయినది. తెలుపు దాచవలసినదే అనే నియమం లేదనడానికి అది చాలును.

శాశ్వతపు రంగును మొదటిసారి తప్ప తలంతా పట్టించరాదు. తరువాత పెరిగిన తెల్లని కుదురుకే పూస్తే కొసల ఆయుష్షు పెరుగుతుంది.

నల్లరంగులోని ప్రమాదం

వెండ్రుకలో జీవం లేదు గాని, దాని క్రింది చర్మం సజీవమైనది. అపాయమంతా అక్కడ ఉన్నది. పి.పి.డి. కొందరి శరీరానికి సరిపడదు. ఒకసారి శరీరం దానిని శత్రువుగా గుర్తించిన తరువాత ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం పోదు. రంగు వేసిన ఒకటి నుండి మూడు రోజులలో నెత్తి, చెవులు, మెడ దురదపెట్టి, పొక్కులు లేచి, రసి కారుతుంది. కనురెప్పలు వాచి కండ్లు మూసుకొనిపోతాయి. పదేండ్లుగా ఏ బాధా లేక వాడినవారికి కూడా ఇది హఠాత్తుగా రావచ్చు. "ఎప్పుడూ వేసుకొనేదే కదా" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

అమెరికాలో 1930 తరువాతి సంవత్సరాలలో పి.పి.డి. గల కనురెప్పల రంగువల్ల స్త్రీలు చూపు పోగొట్టుకొన్నారు. 1938లో అక్కడ వచ్చిన సౌందర్యసాధనాల చట్టానికి ఆ దుర్ఘటనలు ఒక కారణం. కనుబొమ్మలకు, రెప్పలకు తలరంగు ఎన్నడూ పూయరాదు. ఈ హెచ్చరికను, ముందుగా పరీక్షించుకోవాలనే సూచనను పెట్టెమీద ముద్రించాలని భారతదేశపు నియమాలు నిర్దేశిస్తున్నవి. తలకు పట్టించే మిశ్రమంలో పి.పి.డి. నూటికి 2 పాళ్ళు మించరాదని ఐరోపా నియమం.

పరీక్ష సులభం. రంగు వేసుకోవడానికి 48 గంటల ముందు పెట్టెలోని కాగితంలో చెప్పిన రీతిగా మందును చెవి వెనుకగాని, మోచేతి మడతలోగాని చిన్న చుక్కగా పూసి విడవాలి. దురద, ఎరుపు, వాపు కనబడితే ఆ రంగును విడిచిపెట్టాలి. మునుపు ఎప్పుడైనా పొక్కినవారు ఇంటివద్ద పరీక్ష కూడా చేయక వైద్యుని అడగాలి.

ఇందులో మోసపోయే చోటు ఒకటి ఉన్నది. "నల్ల గోరింటాకు", "నల్ల మెహందీ", "మూలికల రంగు" అనే పేర్లతో అమ్మే పొడులలో పలువిధాలవానిలో పి.పి.డి. కలిసి ఉంటుంది. గోరింటాకు స్వభావం తెలిసినవారికి గుర్తుపట్టడం కష్టం కాదు. ఆకుపొడి ఏదయినా అరగంటలో తెల్లవెండ్రుకను కారునలుపుగా మార్చితే అది ఆకు చేసిన పని కాదు. రసాయనపు రంగు పడక ఆకులకు మారినవారు ఈ పొడులతో మళ్ళీ అదే బాధకు లోనవుతున్నారు. కనుక పెట్టెమీద పేరు కాదు, చిన్న అక్షరాలలోని పదార్థాల పట్టిక చదవాలి. చదవలేని పెద్దవారికి ఇంటిలోని చదువుకొన్నవారు చదివి చెప్పాలి. లోహపు లవణాలు కలిసిన పొడి వాడిన జుట్టుపై పెరాక్సైడు పడితే వేడి పుట్టి వెండ్రుకలు తెగిపోవచ్చు. ముందు ఒక చిన్న పాయపై చూచుకోవాలి.

తలరంగు కడుపులోకి పోతే ప్రాణాపాయం. ముఖం, గొంతు వాచి ఊపిరాడదు. కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పొరపాటున ఎవరైనా మింగితే వాపు కనబడేవరకు ఆగక, పెట్టెతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి.

కాన్సరు భయం కూడా కొందరికి ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2010లో ప్రకటించిన నిర్ణయం ప్రకారం, రోజంతా రంగులతో పనిచేసే క్షురకులకు, పార్లరు పనివారికి ఆ వృత్తి బహుశా హానికరం. సొంతానికి రంగు వేసుకొనేవారి విషయంలో అట్లా తేల్చడానికి ఆధారాలు చాలవు. కాబట్టి వేసేవారు చేతితొడుగులు తప్పక ధరించి, గాలి వచ్చే గదిలో పనిచేయాలి.

తెలుపును తెలుపుగా ఉంచుకొనేవారికి

రంగు అక్కరలేదనుకొన్నవారికి తెల్లజుట్టు కూడా అందంగా ఉంచుకొనే ఉపాయాలు ఉన్నవి. తెల్లవెండ్రుక ఎండకు, నూనె మరకకు, నీటిలోని ఇనుము, రాగి లవణాలకు పసుపుబారుతుంది. తెల్లబట్టలకు నీలిమందు పెట్టే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. నీలం, ఊదా ఛాయలు పసుపును కప్పి తెలుపును తేటపరుస్తాయి. ఊదారంగు షాంపూలు ఇందుకే వచ్చినవి. వారానికి ఒకసారి చాలును. మించితే జుట్టుకు నీలిఛాయ పడుతుంది. ఎండలో తలపై కొంగు కప్పుకోవడం, తడిజుట్టును వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుండి మొదలుపెట్టి దువ్వడం, కుంకుడుకాయతోనో షాంపూతోనో తలంటిన తరువాత కొంచెం నూనె రాయడం పొలుసులను కాపాడుతాయి.

నెరసిన తలకు మూడు మార్గాలున్నవి: కత్తిరింపుతో బరువు దించడం, రంగు వేయడం, తెలుపును తెలుపుగా నిలుపుకోవడం. మూడూ మంచివే. మొదటి దానిలో అపాయం లేదు. నచ్చకపోతే కొద్ది నెలలలో పెరుగుతుంది. రెండవదానిలో 48 గంటల ఓపిక కావాలి. ఒక చుక్క మందు, రెండు రోజుల ఆగుదల అనేవి కనురెప్పలు వాచి ఆసుపత్రి చేరడంకన్న చాల చవుక.